మయసభలో మోటారు విద్య

కుమారునకు పదునెనిమిదేండ్లు నిండగానే మోటారు సైకిలును, కుమార్తెకు ఉద్యోగము దొరకగానే కారును మన యిండ్లకు వచ్చుచున్నవి. కొనుటకు ముందు వెల, రంగు, వడ్డీ మున్నగువానిని గూర్చి వారములకొలది విచారింతుము. నడపుట ఎవరు నేర్పిరి, ఏమి నేర్పిరి అనుమాట మాత్రము విచారింపము. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు నివేదిక చెప్పుచున్నది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై పోయినవారే. ఆ ప్రతి యొక్కరి కొరకును ఒక యింట అన్నము వండి యెదురుచూచిన వారుండిరి. కావున ఈ నెల సిమ్యులేటరు అను యంత్రమును గూర్చి ముచ్చటింప దలచితిమి.

ఈ యంత్రమున సీటు, స్టీరింగు, బ్రేకు, క్లచ్, గేరు అన్నియు నుండును. బండి మాత్రము ఉండదు. ఎదుట తెరపై వీధి కనబడును. కన్నులకు పెద్ద జోడు తగిలించుకొను వేరొక పద్ధతి గలదు; అందు తల యెటు త్రిప్పిన అటు వీధి కనబడును. దానిని వర్చువల్ రియాలిటీ యందురు. స్టీరింగు త్రిప్పినపుడు బండి యెటు పోవునో కంప్యూటరు లెక్కగట్టి క్షణములో దృశ్యమును మార్చును. మయసభలో నీటిని నేలయని భ్రమించి పడిన సుయోధనుడు నవ్వులపాలయ్యెను. ఈ సభలో పడినవారికి నవ్వులు లేవు, గాయములును లేవు. పడినచోటనే పదిమార్లు మరల నడపి చూచుకొనవచ్చును.

గదిలో కూర్చుండి బండి నేర్చుట నేల విడిచి సాము కాదా యని పెద్దలు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు మొదట బదులు చెప్పినది విమానవిద్య. అమెరికాలో ఎడ్విన్ లింకు అను నాతడు తన తండ్రిగారి కర్మాగారమున ఆర్గను వాద్యములకు వాడు గాలితిత్తులనే అమర్చి, 1929 ప్రాంతమున కదలెడు బొమ్మ విమానమును చేసెను. మొదట దానిని వినోదశాలల వారే ఆదరించిరి. 1934లో ఆ దేశపు సైన్యము తపాలా విమానములను నడపబూని, దుర్దినములలో దారి కానక పలువురు చోదకులను పోగొట్టుకొనెను. ఆ యేడే లింకు యంత్రములను కొనెను. నేడు పెద్ద విమానములు నడపువారెల్లరు సిమ్యులేటరులో పరీక్షకు నిలువవలసినదే.

గేరు మార్చుట ఏ మైదానమునందైనను నేర్వవచ్చును. అపాయమును ముందుగా కనిపెట్టుటయే కష్టము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోవును. ఆగిన బస్సు చాటునుండి బిడ్డ పరుగెత్తి వచ్చినచో, కాలు బ్రేకు మీదికి పోవులోపలనే ఆ సెకను చెల్లిపోవును. ఆ పాఠమును నిజమైన వీధిలో నేర్పుట ఏ గురువునకును తగదు, తెరపై నేర్పవచ్చును. బ్రిటనులో 2002 నవంబరు నుండి లైసెన్సు పరీక్షయందు 14 చలనచిత్రములను చూపి, రానున్న అపాయమును ఎంత త్వరగా గుర్తించిరో దానినిబట్టి మార్కులు వేయుచున్నారు. కారు నడపువారికి 75కు 44 రావలయును.

మసాచుసెట్సు విశ్వవిద్యాలయపు పరిశోధకులు డెబ్బది యేండ్లు దాటినవారికి, కూడలులలో వారు ప్రక్కకు చూడక పోవు తీరును వారికే చూపి, సిమ్యులేటరులో సాధన చేయించిరి. పిదప నిజమైన రోడ్డుమీదను వారు ప్రక్కకు చూచుట దాదాపు రెండింతలయ్యెనని 2009లో ప్రకటించిరి. ఉపన్యాసము మాత్రమే విన్నవారిలో అట్టి మార్పు కానరాలేదు.

అయినను ఒక హెచ్చరిక గలదు. నార్వేలో 1979 నుండి క్రొత్తవారికి జారెడు నేలపై బండి నడపుట నేర్పగా, యువకులకు అట్టి రోడ్లపై ప్రమాదములు తగ్గుటకు మారుగా పెరిగినవి. ఒడుపు తెలిసినదను ధీమాతో వేగము పెంచినవారికి విద్యయే శత్రువగును. అంతఃపురమున ఉత్తరకుమారుడు పలికిన బీరములు కౌరవసేన ముందు ఏమయ్యెనో మనమెరుగుదుము. యంత్రము జాగ్రత్తను నేర్పవలెను గాని బీరములను కాదు. మరియు, కన్ను కదలుచున్నామనగా చెవిలోని సమతూక యంత్రాంగము కదలుట లేదనును. అందువలన కొందరికి కడుపులో త్రిప్పును. అట్టివారు వెంటనే ఆపి విశ్రమింపవలెను.

మన దేశమున 2021 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనలనుబట్టి, గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రమున సిమ్యులేటరును, ప్రత్యేక పరీక్షామార్గమును ఉండవలెను. కారు నేర్చువారికి నాలుగు వారములలోపల 29 గంటల శిక్షణ విధింపబడినది. మీ బిడ్డలను చేర్చునపుడు మూడు ప్రశ్నలడుగుడు: రాత్రి, వాన, ఎదుటి దీపముల మిరుమిట్లు, వీనికి పాఠములున్నవా? తప్పు జరిగినచోట గురువు ఆపి కారణము చెప్పునా? తెర పాఠము పిదప వీధిలో సాధన ఎన్ని గంటలు?

యంత్రము దొరకనిచోట తల్లియే గురువు కావచ్చును. ప్రక్క సీటులో కూర్చున్నపుడు “ఆ లారీ చాటున ఎవరుండవచ్చును? ఆ గేదె యెటు తిరుగును?” అని మెల్లగా అడుగుచుండుడు. ఆడపిల్లకు బండి యేల యనువారికి, దశరథుని రణరంగమునుండి రథముపై తప్పించి కాపాడినది కైకేయి యని గుర్తుచేయుడు. సారథ్యము మనకు క్రొత్త కాదు. బండికి వెల కట్టునపుడు, శిక్షణకగు రొక్కమును ముందే వేరుగా మూటగట్టి యుంచుడు.