మన్నిక అనే మాట నాకు టీవీ నేర్పింది

మా ఇంట్లో రెండు టీవీలు ఉన్నాయి. పైన హాల్లో ఉన్నది 55 అంగుళాలది. కొని మూడేళ్ళయింది, పని చెయ్యదు. కింద బేస్‌మెంట్‌లో ఉన్నది 27 అంగుళాల ట్యూబ్ టీవీ. నాన్న 1997లో కొన్నారు, ఇప్పటికీ పని చేస్తుంది. ఇంతవరకు చదివి, నేను ఏం చెప్పబోతున్నానో మీకు అర్థమైపోయిందని అనుకోవచ్చు. కొంచెం ఆగండి.

హాల్లో టీవీ ఫిబ్రవరిలో ఆగిపోయింది. మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు. (బొమ్మ అంటే ఆడుకునేది ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. టీవీలో కనిపించేది కూడా బొమ్మేనని అమ్మ చెప్పింది. ఈ మాట నాకు భలే నచ్చింది.) నాన్న హాల్లో లైట్లన్నీ ఆర్పేసి, తెరకి దగ్గరగా టార్చి పట్టుకుని, "ఇలా రా తల్లీ, చూడు" అన్నారు. ఆ వెలుగులో, నీళ్ళ అడుగున ఉన్నట్టు, వార్తలు చదివే ఆవిడ సన్నగా కనబడింది. అంటే బొమ్మ ఉంది. దాని వెనక వెలుగు లేదు.

ఎల్‌సీడీ తెరకి సొంత వెలుగు ఉండదు. వెనకాల చిన్న చిన్న ఎల్ఈడీ లైట్లు వరసగా అతికించిన పట్టీలు ఉంటాయి. చాలా టీవీల్లో అవి పండక్కి మనం వేలాడదీసే సీరియల్ సెట్టులాగే ఉంటాయి. ఒక్క లైటు పోతే ఆ వరసంతా పోతుంది. ఒక్కోసారి టీవీ తనంతట తానే మిగతా వరసలు కూడా ఆపేస్తుంది. పట్టీ ఖరీదు పెద్దగా ఉండదు. కానీ దాని దగ్గరికి వెళ్ళాలంటే ముందున్న పల్చటి తెరని ఊడదీసి పక్కన పెట్టాలి. ఆ తెర పగిలితే ఇక టీవీ లేనట్టే. ఒక రిపేరు షాపుకి ఫోన్ చేశాను. 210 డాలర్లు అవుతుందన్నారు, తెర పగిలితే మా పూచీ కాదన్నారు. అదే సైజు కొత్త టీవీ 300కి వస్తోంది. మా టీవీ వారంటీ ఒక్క ఏడాదే, అది ఎప్పుడో అయిపోయింది.

నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "చూశావా, పాతవే గట్టివి" అన్నారు.

నేను ఒప్పుకోను. నాన్నతో వాదించడానికి నా తెలుగు చాలదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అమ్మ సాక్ష్యం చెప్తాను. తెనాలిలో అమ్మమ్మ వాళ్ళింట్లో ఈసీ టీవీ ఉండేదట. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ తయారు చేసిన బ్లాక్ అండ్ వైట్ టీవీ. దానికి చెక్క షట్టర్ ఉండేది, పైన అమ్మమ్మ కుట్టిన గుడ్డ ఉండేది. "గట్టిదా?" అని అడిగాను. అమ్మ నవ్వేసింది. బొమ్మ కిందనుంచి పైకి పరిగెత్తేదట. మామయ్య మేడ ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరిస్తే, కిందనుంచి అందరూ "ఇంకొంచెం, ఇంకొంచెం, అయ్యో పోయింది!" అని అరిచేవాళ్ళట. రెండు మూడు నెలలకోసారి రేడియో షాపాయన స్క్రూడ్రైవరూ సోల్డరింగ్ ఐరనూ పట్టుకుని వచ్చేవాడు. ఆయనకి కాఫీ ఇవ్వడం అమ్మ పని. టీవీ పక్కన స్టెబిలైజర్ ఉండాల్సిందే. కరెంటు ఎక్కువై ఒకసారి, తక్కువై ఒకసారి, టీవీ మూల కూర్చునేది.

ఇంకో సాక్ష్యం ఉంది, నాన్నకి అది గుర్తు చేస్తే నచ్చదు. నాన్న 1995లో అమెరికా వచ్చి కొన్న మొదటి టీవీ కూడా ట్యూబ్ టీవీయే. అది రెండేళ్ళకి పోయింది. అందుకే కదా 1997లో ఇంకోటి కొన్నారు! బతికి ఉన్నది బేస్‌మెంట్‌లో ఉంది కాబట్టి దాన్ని రోజూ చూస్తున్నాం. పోయినవి కళ్ళ ముందు లేవు కాబట్టి లెక్కలోకి రావు. బతికిన దానికి కూడా వయసు తెలుస్తోంది. ట్యూబ్ అరిగిపోయి ఎరుపు రంగు వెలిసిపోయింది, అక్షరాల అంచులు మసక. లోపల కెపాసిటర్లు ఎండుతూ ఉంటాయి, అవి ఎప్పుడో ఒకరోజు చెప్పకుండా వెళ్ళిపోతాయి.

మరి తేడా ఏమిటి? నాకు అది ఒక క్రియలో కనబడింది. "బాగుచెయ్యి", "బాగుచేయించు". రెండో మాట నేర్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. "ఇంచు" పెడితే పని మనం చెయ్యం, ఎవరి చేతనో చేయిస్తాం. వండించు, కుట్టించు, బాగుచేయించు. అమ్మ కథలో ఈ మాట ప్రతి రెండు వాక్యాలకీ వస్తుంది. నా జీవితంలో ఆ మాట వాడే అవసరమే రాలేదు. పాత టీవీ కూడా చెడిపోయేది, కానీ దాన్ని బాగుచేయించేవాళ్ళు. నా టీవీ చెడిపోతే పారేయడమే.

ఇందులో నా తప్పు కూడా ఉంది, దాచను. నాన్న 1997లో ఆ టీవీకి 600 డాలర్లు పెట్టారు. ఆ నెల ఇంటి అద్దె దాదాపు అంతే. అంత పెట్టిన వస్తువుని ఎవరైనా బాగుచేయించుకుంటారు. నేను దుకాణంలో అన్నిటికన్నా చవకది ఏదో అడిగి అదే తెచ్చాను. చవక వస్తువు కొని పాత వస్తువు లాగా మన్నలేదని ఏడిస్తే ఎలా? మన్నిక అంటే ఎక్కువ కాలం నిలవడం. అమ్మ చీరల గురించి చెప్తూ "ఇది బాగా మన్నింది" అంటుంది. ఆ మాట ఒక టీవీకి వాడొచ్చని నాకు ఈమధ్యే తెలిసింది.

కానీ తప్పంతా నాది కాదు. కొత్త టీవీలకి చావడానికి ఇంకో దారి కూడా ఉంది. వస్తువు బాగానే ఉంటుంది, లోపలి సాఫ్ట్‌వేర్ ముసలిదైపోతుంది. 2010, 2011 నాటి కొన్ని సాంసంగ్ స్మార్ట్ టీవీల్లో 2019 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. ఎనిమిది, తొమ్మిదేళ్ళకే. ట్యూబ్ టీవీకి ఇలాంటి దెబ్బ అమెరికాలో ఒక్కసారే తగిలింది, 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసినప్పుడు. అప్పుడు కూడా ప్రభుత్వం కన్వర్టర్ డబ్బా కొనుక్కోమని ఇంటికి రెండేసి 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది. నాన్న ఆ డబ్బా ఇంకా దాచుకున్నారు.

అందుకే "గట్టి టీవీ కావాలి" అని అడగడం కన్నా "బాగుచేయించుకోగలిగే టీవీ కావాలి" అని అడగాలంటాను. యూరప్‌లో అడిగారు. 2021 నుంచి అక్కడ టీవీలు తయారు చేసేవాళ్ళు ఒక మోడల్ ఆపేశాక కూడా ఏడేళ్ళు విడిభాగాలు ఇవ్వాలి. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి ఇలాంటి చట్టమే ఉంది. ఇలాంటి చట్టం లేని చోట్ల మనం ఊరికే 300 డాలర్లు తీసి ఇస్తున్నాం.

ఇంతా చెప్పి, మరి బేస్‌మెంట్ టీవీ ఎందుకు ఉంచుకున్నామంటారా? దానికి కారణం గట్టిదనం కాదు. అది మల్టీసిస్టమ్ టీవీ. ఇండియా టేపులు పాల్ పద్ధతిలో ఉంటాయి, సెకనుకి 25 ఫ్రేములు, 625 గీతలు. అమెరికా టీవీలకి అప్పట్లో ఎన్‌టీఎస్‌సీ, అంటే దాదాపు 30 ఫ్రేములు, 525 గీతలు. మామూలు అమెరికా టీవీలో, మామూలు వీసీఆర్‌లో మన పెళ్ళి క్యాసెట్లు సరిగ్గా ఆడవు. అందుకే అప్పట్లో వచ్చిన మనవాళ్ళు చాలామంది ఓక్ ట్రీ రోడ్ దుకాణాలకి వెళ్ళి, ఎక్కువ డబ్బు పెట్టి రెండూ ఆడే టీవీ, వీసీఆర్ కొనేవాళ్ళు.

మా దగ్గర 18 క్యాసెట్లు ఉన్నాయి. అందులో అమ్మమ్మ మాట్లాడుతుంది. నేను అమ్మమ్మతో ఎప్పుడూ తెలుగులో మాట్లాడలేదు. మాట్లాడగలిగే సమయానికి ఆవిడ లేరు. "ఏమే, అన్నం తిన్నావా, అలా చిక్కిపోయావేమే" అని కెమెరా వెనకున్న మా పిన్నిని అడుగుతుంది. ఆ "ఏమే" అనడం నేను అక్కడే నేర్చుకున్నాను. ఒకసారి ఆ క్యాసెట్‌ని హాల్లో టీవీకి తగిలించి చూశాను. టేపు పాతది, సిగ్నల్ వణుకుతుంది. కొత్త టీవీ రెండు సెకన్లు చూసి, సిగ్నల్ లేదని నీలం తెర వేసేసింది. ట్యూబ్ టీవీలో బొమ్మ వంకర పోతుంది, పైన గీతలు పడతాయి, కానీ అమ్మమ్మ మాట ఆగదు.

మీ ఇంట్లో కూడా ఇలాంటిది ఉంటే రెండు మాటలు. ట్యూబ్ టీవీ వెనక మూత మీరు విప్పకండి. రంగుల ట్యూబ్‌కి 25 వేల వోల్టులకి పైగా వెళ్తుంది, ప్లగ్గు పీకేశాక కూడా ఆ కరెంటు లోపల నిలిచి ఉండొచ్చు. గాజులో సీసం ఉంటుంది (సీసం, సీసా కాదు, నేను చాలాసార్లు తప్పు చదివాను). మా న్యూజెర్సీలో 2011 నుంచి టీవీని చెత్తలో వెయ్యకూడదు, రీసైక్లింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళాలి. కొత్త టీవీ ఉన్నవాళ్ళు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బ్యాక్‌లైట్ తగ్గించండి. దుకాణంలో మెరవాలని దాన్ని బాగా పెంచి పంపుతారు, ఆ వేడికే లైట్లు త్వరగా పోతాయి. నాకు ఇది మూడేళ్ళ కిందట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

210 డాలర్లు ఇచ్చి హాల్లో టీవీని బాగుచేయిస్తున్నాను. నాన్నకి ఇది పిచ్చి పనిలా ఉంది. శనివారాలు మేమిద్దరం కింద కూర్చుని, ఒక్కో క్యాసెట్‌నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. ఏడు అయ్యాయి, పదకొండు ఉన్నాయి. అవి అయ్యేదాకా ఆ టీవీ చావకూడదు. అయ్యాక ఆ బరువుని మెట్లెక్కించి పైకి ఎవరు మోస్తారన్నది వేరే గొడవ.