ఒక టన్ను తడి చెత్త, ఒక గ్యాస్ సిలిండర్

జీవ ఆర్థిక వ్యవస్థ అనగానే మన పాలకులకు బయోటెక్ కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ గుర్తొస్తుంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం బయోటెక్నాలజీ రంగం కోసం ఆమోదించిన బయో ఈ3 విధానం చూపు కూడా ఎక్కువగా ప్రయోగశాలల మీదా, ఫ్యాక్టరీల మీదా ఉంది. మంచిదే. అయితే హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో కింద నడిచి వెళ్తే రోజూ పోగుపడే జీవ సంపద ఇంకొకటి కనబడుతుంది. కోచింగ్ హాస్టళ్లలో మిగిలిన అన్నం, మెస్సుల్లో, కర్రీ పాయింట్లలో తరిగిపడేసిన తొక్కలు, సరూర్‌నగర్ రైతుబజారులో పొద్దుగూకే వేళకు మిగిలే కాలీఫ్లవర్ ఆకులు, చితికిన టమాటాలు. కొత్తపేట పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలిపోయింది కదా, ఇంకా చెత్తెక్కడిదని ఎవరైనా అడగవచ్చు. మార్కెట్టు పోయింది గానీ తినే నోళ్లు తగ్గలేదు. ఈ సరుకునంతా బండ్లకెత్తి, సుమారు పాతిక కిలోమీటర్ల అవతలి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు తోలడమే మనకు తెలిసిన పరిష్కారం. తడి చెత్త ఏ పేటలో పుడితే ఆ పేటలోనే గ్యాసుగా, ఎరువుగా మారాలి. తూర్పు హైదరాబాద్ వాతావరణానికి చేయగలిగిన మేలు ముందుగా ఇదే.

చెత్త గుట్టల అడుగున గాలి తగలకుండా కుళ్లిన తిండి నుంచి మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు దాదాపు ఎనభై రెట్లు. జవహర్‌నగర్‌లో పాత గుట్టను కప్పారు, పక్కనే చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. ఇక సమస్య తీరిపోయినట్టే కదా అంటారు కొందరు. తీరలేదు. కూరగాయల చెత్తలో ముప్పాతిక పాళ్లకు పైగా నీళ్లే. దాన్ని పొయ్యిలో వేస్తే సగం మంట ఆ నీళ్లను ఆవిరి చేయడానికే సరిపోతుంది. కాల్చదగ్గది పొడి చెత్త. తడిది కుళ్లబెట్టి గ్యాసు తీయాల్సిన సరుకు.

దీనికి రుజువు వెతుక్కుంటూ విదేశాలకు పోనక్కర్లేదు. తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు రూపొందించిన పరిజ్ఞానంతో బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో బయోగ్యాస్ ప్లాంటు కట్టారు. రోజుకు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల జీవ ఇంధనం వస్తున్నాయని 2021 జనవరి 31న ప్రధాని ‘మన్ కీ బాత్’లో మెచ్చుకున్నారు. మెప్పు సరే, నాకొక పేచీ ఉంది. గ్యాసును కరెంటుగా మారిస్తే అందులోని శక్తిలో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. నేరుగా పొయ్యి కింద మండిస్తే చాలావరకు మిగులుతుంది. టన్ను తడి చెత్త నుంచి తక్కువలో తక్కువ 50 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుందనుకున్నా, అది దాదాపు 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కు సమానం. వందలమందికి రోజూ వండి పెట్టే హాస్టళ్లు పక్కనే ఉండగా ఆ గ్యాసుకు గిరాకీ కోసం వేరే చోట వెతకడం దేనికి?

అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది కంపు: మా కాలనీలో వద్దంటారు. మూత బిగించిన ట్యాంకులోని చెత్త కంటే, ఎత్తకుండా రెండు రోజులు రోడ్డు మూల పడి ఉన్న కుప్పే ఎక్కువ కంపు కొడుతుంది. రెండోది బలమైనది: చిన్న ప్లాంట్లు రిబ్బన్ కత్తిరించిన కొన్నాళ్లకే మూలపడతాయన్న మాట. ఇది నిజమే. అయితే మూలపడటానికి మామూలు కారణం ప్లాస్టిక్ కలిసిన చెత్త, లేదంటే నడిపేవాడికి జీతం రాకపోవడం. ఇందోర్ 2022లో రోజుకు 550 టన్నుల తడి చెత్త తీసుకునే బయో సీఎన్‌జీ ప్లాంటును నిలబెట్టగలిగిందంటే, ముందే ఇంటింటా చెత్తను వేరు చేయించింది కాబట్టే. మనం ఇళ్ల దాకా వెళ్లకుండానే మొదలుపెట్టవచ్చు. రైతుబజారు ఆకులు, మెస్సుల తొక్కలు పుట్టుకతోనే వేరుగా ఉంటాయి; వాటిని కలిపేది మన బండే. రోజుకు 100 కిలోలు దాటి చెత్త వేసేవాళ్లు దాన్ని వేరు చేసి, వీలైనంత వరకు తమ దగ్గరే శుద్ధి చేయాలని 2016 నాటి నిబంధనలే చెప్పాయి. చిన్న హాస్టల్‌కు ఒంటరిగా అది భారమే. పది హాస్టళ్లకు కలిపి ఒక ప్లాంటు పెడితే కాదు.

గ్యాసు తీశాక ఇక మిగిలేది స్లర్రీ; ఆరబెడితే అదే ఎరువు. ఇబ్రహీంపట్నం, యాచారం వైపు నుంచి తెల్లవారుజామున కూరగాయలతో వచ్చే ఆటో ట్రాలీలు తిరుగు ప్రయాణంలో చాలావరకు ఖాళీగానే పోతాయి. కిరాయి ఎలాగూ కట్టిందే, ఎరువు బస్తాలు వేసుకుపోతే ఆ పొలాలకు యూరియా కొంతైనా తగ్గుతుంది. కార్పొరేషన్ ముందుగా సరూర్‌నగర్ రైతుబజారు దగ్గర 5 టన్నుల ప్లాంటు ఒకటి కట్టాలి. గ్యాసు కొంటామని చుట్టుపక్కల మెస్సుల చేత ముందే ఒప్పందం రాయించుకోవాలి. నడిపే సంస్థకు బిల్లును ప్లాంటు కట్టినందుకు ఒక్కసారిగా ఇచ్చేయకుండా, ఏ నెలకానెల అమ్మిన గ్యాసును బట్టి చెల్లించాలి.