మనకెందుకబ్బా?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కోవూరు దగ్గర హైవే మీద ఓ కారు సైకిల్ మీద పోయే పెద్దాయన్ని గుద్దేసి, ఆగకుండా పోయింది. ఇరవైమంది చేరాం. కొందరు సెల్లులో వీడియో తీస్తున్నారు. మిగతావాళ్ళు "మనకెందుకబ్బా, కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతాడు" అంటున్నారు. ఇంజనీరింగ్ చదివిన నేనూ అదే ఆలోచిస్తూ నిలబడ్డాను. 108కి ఫోన్ చేసింది టీకొట్టు అవ్వ. సిగ్గేసింది.

అయ్యా, ఈ భయానికి కాలం చెల్లింది. సాయం చేసినవాళ్ళని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేరింది. మంచి మనసుతో సాయపడ్డవాడి మీద కేసుండదు, పేరు చెప్పాలా వద్దా అన్నది మనిష్టం.

ఇంకో మాట. కారు దొరక్కపోయినా పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి, చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. అయితే ఆ అర్జీకి ఎఫ్ఐఆర్ కావాలి. చూసినోళ్ళంతా నోరు మూసుకుంటే ఆ కేసు నిలిచేదెట్లా?

కాబట్టి ముందు 108, తర్వాత 112. బండి నంబరు, రంగు, పోయిన దిక్కు రాసిపెట్టుకోండి. వీడియో తర్వాత తీసుకోవచ్చు.

గుద్దినవాడు పారిపోయాడని తిడుతున్నాం సరే, మరి మనం చేసిందేమిటి?