సినిమాలో పడినవాడు లేస్తాడు

పోయిన సెలవు రోజు రాత్రి మా రూములో ఎనిమిది మందిమీ ఒకే ఫోను ముందు కూర్చుని ‘స్పీడ్’ చూశాం. 1994లో వచ్చిన ఇంగ్లీషు సినిమా. పాతదే గానీ, బస్సు వేగం తగ్గితే బాంబు పేలుతుందన్న కథ కదా, ఎవరూ చూపు తిప్పలేదు. దారిలో ఒకచోట వంతెన ఇంకా పూర్తి కాలేదు. 50 అడుగుల ఖాళీ. బస్సు గంటకు సుమారు 70 మైళ్ల వేగంతో వచ్చి, ఆ ఖాళీ మీంచి దూకి అవతల పడుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

మా జగిత్యాల తమ్ముడు మాత్రం నా వైపు తిరిగాడు. “అన్నా, నువ్వు ఆఫీసుల పన్జేస్తవు గదా, గా బస్సు నిజంగ దుంకుతదా?” అన్నాడు.

ఆఫీసు పని అంటే నాది హాజరు రాయడం, ఓవర్‌టైం లెక్కలు కట్టడం. ఇంటర్‌లో సీఈసీ చదివినవాణ్ణి. భౌతికశాస్త్రంతో నా చుట్టరికం పదో తరగతితోనే తెగిపోయింది. కానీ తమ్ముడు అడిగిన ప్రశ్న చిన్నది కాదు. అమెరికాలో ఇలాంటి ప్రశ్నల మీద కాలేజీ పాఠాలే నడిచాయి.

ఫ్లోరిడా రాష్ట్రంలో ఓర్లాండో అనే ఊరుంది. అక్కడి సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో కోస్టాస్ ఎఫ్తిమియు, రాల్ఫ్ లెవెలిన్ అనే ఇద్దరు అధ్యాపకులు 2002లో ‘సినిమాల్లో భౌతికశాస్త్రం’ అని ఒక కోర్సు మొదలుపెట్టారు. అది సైన్సు విద్యార్థుల కోసం కాదు. కామర్సువాళ్లు, ఆర్ట్స్‌వాళ్లు, అంటే నాలాగా లెక్కలంటే పారిపోయేవాళ్ల కోసం. విద్యార్థులు ఇంటి దగ్గర సినిమా చూసి, అందులోని దృశ్యాల గురించి రాసుకుని రావాలి. క్లాసులో ఆ ముక్కలు మళ్లీ వేసి, ఇది జరుగుతుందా జరగదా అని అందరూ కలిసి లెక్క కట్టేవారు. ‘స్పీడ్’ బస్సు కూడా ఆ లెక్కల్లో ఒకటి.

ఆ లెక్క మనమూ కట్టవచ్చు. 50 అడుగులంటే సుమారు 15 మీటర్లు. గంటకు 70 మైళ్లంటే సెకనుకు 31 మీటర్లు. ఖాళీ దాటడానికి అర సెకను పడుతుంది. గాలిలో ఉన్న ఏ వస్తువైనా అర సెకనులో దాదాపు నాలుగు అడుగులు కిందికి దిగుతుంది. బస్సు ఎంత వేగంగా పోయినా ఈ దిగడం మాత్రం తప్పదు. కాబట్టి రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉంటే బస్సు ముందు భాగం అవతలి అంచుకు గుద్దుకుంటుంది. బస్సంతా ఒకే రాయి అనుకుని కట్టిన మోటు లెక్క ఇది. షూటింగులో బస్సును ఒక ర్యాంపు మీంచి ఎగిరించారు. ఆ రోడ్డుకు ఖాళీయే లేదు. దాన్ని తర్వాత కంప్యూటర్‌లో చేర్చారు.

తమ్ముడు నవ్వాడు. “గట్లయితే తొడ గొడితె రైలు ఎనకకు పోవుడు గూడ ఉత్తదేనా?” అన్నాడు. రూమంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే నాకు ఒక కాగితం గుర్తొచ్చింది.

రెండేళ్ల కింద మా సైట్లో ఒకతను స్కఫోల్డింగ్ మీంచి జారాడు. హార్నెస్ వేసుకున్నాడు, హుక్కు కూడా పెట్టాడు. నేల తగలలేదు. అయినా పక్కటెముకలు విరిగాయి, నడుము దెబ్బతింది. ప్రమాదం కాగితం రాసింది నేనే. ‘ఎంత ఎత్తు నుంచి పడ్డాడు’ అని అందులో ఒక గడి ఉంది, నింపాను. కట్టుకుని కూడా ఇంత దెబ్బ ఎలా తగిలిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. దాని జవాబు నాకు ఒక సాలెపురుగు మనిషి కథలో దొరికింది.

అమెరికాలోనే మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జేమ్స్ కకాలియోస్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు 2001 నుంచి కొత్త విద్యార్థులకు బొమ్మల కథల వీరులను పెట్టి పాఠం చెప్పేవారు. 2005లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. అందులో ఒక కథ స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్‌ది. 1973లో వచ్చిన బొమ్మల కథ. విలన్ ఆమెను వంతెన మీంచి తోస్తాడు. హీరో సాలెదారం విసిరి, నీళ్లలో పడకముందే పట్టుకుంటాడు. పైకి లాగి చూస్తే ఆమె ప్రాణం లేదు. ఆచార్యుడు లెక్క కట్టారు. 300 అడుగులు పడితే వేగం గంటకు సుమారు 150 కిలోమీటర్లు అవుతుంది. ఆ వేగం అర సెకనులో ఆగిపోతే, ఆమె బరువుకు దాదాపు పది రెట్ల బలం ఒంటి మీద పడుతుంది. పడటం ఆమెను చంపలేదు, ఒక్కసారిగా ఆగడం చంపింది.

మా సైటు మనిషి సంగతీ అంతే. అతని హార్నెస్‌కు ఉండాల్సిన షాక్ అబ్జార్బర్ తాడు చిరిగిపోయింది. కొత్తది అడిగితే రేపు అన్నారట. అతను మామూలు తాడు ముడేసుకుని ఎక్కాడు.

70 కిలోల మనిషి ఆరడుగులు జారాడనుకోండి. మామూలు తాడు సాగదు. అతను 10 సెంటీమీటర్లలో, అంటే బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ దూరంలో ఆగితే ఒంటి మీద పడే బలం సగటున 1,300 కిలోల బరువుతో సమానం. అదే షాక్ అబ్జార్బర్ కుట్లు విప్పుకుంటూ సాగి, ఒక మీటరు దూరంలో ఆపితే 200 కిలోలు. పడిన ఎత్తు ఒక్కటే, మనిషీ ఒక్కడే. తేడా అంతా ఆగిన దూరంలో ఉంది. ఆ కాగితంలో దానికి గడి లేదు.

ఇంకొక సంగతి. హుక్కు కాళ్ల దగ్గర పెడితే ఇంకా ఎక్కువ దూరం పడతాం. తల మీద పెడితే తక్కువ పడతాం.

అన్నలారా, తమ్ముళ్లారా, సినిమా చూడొద్దని నేను అనను. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చినవాడికి ఆ రెండున్నర గంటలే గదా పండగ. హీరో నాలుగో అంతస్తు నుంచి దూకి ప్యాంటు దులుపుకుని లేచినప్పుడు ఈల కూడా వేద్దాం. అతని కింద పరుపు ఉంది, నడుముకు వైరు ఉంది, వాటిని మనకు చూపించరు. మన కింద సిమెంటు ఉంది. అందుకని రేపు పొద్దున పైకి ఎక్కేముందు మూడు చూసుకోండి. షాక్ అబ్జార్బర్ కుట్లు విప్పుకున్నాయా? ఒకసారి విప్పుకున్నది మళ్లీ పనికిరాదు. తాడుకు ఎక్కడైనా ముడి ఉందా? హుక్కు పెట్టడానికి తల మీద గట్టి చోటు ఉందా? ఏదైనా తేడా ఉంటే ఎక్కకముందే అడగండి. కొత్తది రేపు ఇస్తామంటే పని కూడా రేపే చేస్తామనండి. ఒక్కడు అంటే కోపం చేస్తారు, పదిమంది అంటే వింటారు.

మా తమ్ముడు ఇప్పుడు సినిమా మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తున్నాడు. రూములో కొందరికి విసుగు. నిన్న పొద్దున స్టోరు దగ్గర తన బెల్టు తిరగేసి చూసి, మార్చి ఇమ్మని నిలబడ్డాడట. మార్చి ఇచ్చారు. స్టోరు రిజిస్టర్‌లో ఆ లైను నేనే రాశాను.