సెలవు కబుర్లు: నిండు గోలెం

పిల్లలూ,

వేసవి సెలవులు ఎలా గడిచాయి? కొందరు అమ్మమ్మగారి ఊరు వెళ్ళి ఉంటారు, కొందరు మామిడితోటల్లో ప్రొద్దుపుచ్చి ఉంటారు. మా ఇంటి పిల్లలు మాత్రం ఏటా కొండకు వెళతారు. ఈ నెల ఆ కబురే చెబుతాను, వినండి.

మా కాపురం హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండ దగ్గర. మే నెల వచ్చిందంటే ఇక్కడి గోడలూ, డాబాలూ, రాతి అరుగులూ పగలల్లా ఎండను త్రాగి, రాత్రి తీరికగా ఆ వేడిని కక్కుతాయి. అర్ధరాత్రి లేచి గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగానే ఉంటుంది. అందుకని మేము అనంతగిరికి పోతాము. నాంపల్లిలో రైలెక్కి వికారాబాదులో దిగితే, అక్కడి నుంచి కొండ ఎంతో దూరం లేదు. కొండదారి ప్రక్కన మా నాన్నగారూ, వారి ముగ్గురు తమ్ముళ్ళూ కలిసి కట్టించుకున్న రెండు గదుల పెంకుటిల్లు ఒకటి ఉన్నది. రెండు గదులను నలుగురికి పంచితే ఎవరికీ కాలు చాపుకునే చోటు మిగలదు గనుక, దాన్ని పంచుకోలేదు. వేసవిలో వారానికొక కుటుంబం వంతు.

ఆ ఇంటికి ఒకటే కట్టుబాటు. తలుపు వెనక మా నాన్నగారు బొగ్గుతో వ్రాసిపెట్టారు: "వెళ్ళేవారు గోలెం నింపి వెళ్ళవలెను."

గోలెం అంటే నీళ్ళు నిలవ చేసుకునే పెద్ద తొట్టి. అక్కడ కుళాయి లేదు. చేతిపంపు దిగువన ఎక్కడో ఉన్నది. చీకటి పడే వేళకు, పెట్టెలూ మూటలూ మోసుకుని వచ్చేవాళ్ళకు నిండు గోలెం కనబడితే ప్రాణం లేచివస్తుంది.

ఈ ఏడు మేము వెళ్ళేసరికి గోలెం ఎండి ఉన్నది. అడుగున రెండు ఎండుటాకులు తప్ప చుక్క నీరు లేదు. మా మనవడికి పదేళ్ళు. వాడికి కోపం ముంచుకొచ్చింది.

"తాతా, చిన్నతాతావాళ్ళు చూశావా, ఎంత పని చేశారో! తరువాత మనం వస్తామని వాళ్ళకు తెలియదా?" అన్నాడు.

"తెలుసు నాయనా! కాని కంటి ముందు లేనివాళ్ళు ఒక్కొక్కప్పుడు గుర్తుకు రారు," అన్నది వాళ్ళ నాయనమ్మ, బిందె చేతికి తీసుకుంటూ.

టార్చి వేసుకుని ఆరుసార్లు దిగి ఎక్కాము. వాడు చిన్న బిందె మోశాడు. మోసినంతసేపూ సణుగుతూనే ఉన్నాడు.

తెల్లవారి చల్లగాలి తగిలేసరికి కోపం కాస్త తగ్గి, వాడికి సందేహం పుట్టింది. "తాతా, కొండ మీద సూర్యుడికి ఇంకా దగ్గర కదా? మరి ఎండ ఎక్కువ ఉండాలి గాని, చల్లగా ఎందుకున్నది?"

మంచి ప్రశ్న! సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అందులో కొండ ఎత్తు ఒక లెక్కా? పైగా ఎండ ముందు నేలను కాలుస్తుంది. కాలిన నేల గాలిని వేడి చేస్తుంది. ఆ గాలి పైకి లేచినకొద్దీ, మీద ఒత్తిడి తగ్గి, విచ్చుకుని చల్లబడుతుంది. సుమారుగా 1,000 మీటర్లు ఎక్కితే 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కాని అనంతగిరి మన నగరం కంటె నూరు, నూటయాభై మీటర్లే ఎత్తు. అంటే ఎత్తు వల్ల తగ్గేది ఒక్క డిగ్రీ! మిగిలిన చల్లదనం చెట్లది. చెట్టు నీడ పడిన నేల కాలదు. ఆకులు కంటికి కనబడని ఆవిరిని వదులుతాయి. ఆ ఆవిరి కూజాలో నీటిని చల్లబరిచినట్లే గాలిని చల్లబరుస్తుంది. రాత్రంతా వేడి కక్కే రాతిగోడలూ అక్కడ తక్కువ. అక్కడి టేకు చెట్లను చూడండి, వేసవిలో ఆకులు రాల్చి నీటిని పొదుపు చేసుకుంటాయి. చెట్టుకు ఉన్న జాగ్రత్త మనకు ఉండవద్దూ?

ఆ మధ్యాహ్నం అనంతపద్మనాభస్వామి గుడి దిక్కు వెళ్ళాము. మూసీనది పుట్టేది ఈ కొండల్లోనే. ముచికుందుడనే రాజు ఇక్కడ శ్రీకృష్ణుని పాదాలు కడిగాడనీ, ఆ నీరే నదిగా పారిందనీ పెద్దలు కథ చెబుతారు. మూసీకి ముచికుందా నది అన్న పేరు అలాగే వచ్చింది. వేసవి గనుక వాగులో రాళ్ళ సందున సన్నని ధార మాత్రమే ఉన్నది.

మనవడు బిస్కత్తులు తిని, ఆ కాగితాన్ని వాగులోకి విసిరాడు.

"అదేమిట్రా?" అన్నాను.

"వానలు రానీ తాతా, కొట్టుకుపోతుంది," అన్నాడు.

"ఎక్కడికి?"

వాడు జవాబు చెప్పలేదు. ఒక బండ మీద కూర్చుని నేనే చెప్పాను. ఈ నీరు వాగులై, ఏరై గండిపేట చెరువుకు చేరుతుంది. 1908 సెప్టెంబరులో మూసీకి భయంకరమైన వరద వచ్చి, మన నగరంలో వేలమంది చనిపోయారు. మళ్ళీ అటువంటి ఆపద రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఉపాయం చెప్పారు. ఆ మేరకు మూసీ మీద గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, 1920లో తయారైంది. ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. వరదను ఆపిన ఆ చెరువులే నగరానికి త్రాగునీరూ ఇచ్చాయి. ఇప్పుడు కృష్ణ, గోదావరి, మంజీరల నీళ్ళు కూడా వస్తున్నాయి. అయినా "గండిపేట నీళ్ళు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడు" అన్న మాట మాత్రం పోలేదు.

"అయితే నేను విసిరిన కాగితం మన ఇంటి దిక్కే వస్తుందన్నమాట!" అని వాడు గబగబా దిగి, కాగితం ఏరి జేబులో పెట్టుకున్నాడు. తరువాత కొంచెంసేపు ఆలోచించి, "పురానాపూల్ క్రింద నీళ్ళు నల్లగా ఉంటాయి కదా, అవి ఎక్కడికి పోతాయి తాతా?" అని అడిగాడు.

1578లో కట్టిన ఆ వంతెన క్రిందుగా, చార్మినారుకు ఉత్తరంగా పారి, మూసీ నల్లగొండ దిక్కు పోతుంది. సూర్యాపేట దగ్గర దానికి మరొక ఆనకట్ట ఉన్నది. చివరకు వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. నగరపు మురుగు ఎన్నో ఏళ్ళుగా ఆ నదిలోకే పోతూ వచ్చింది. మురుగును శుభ్రపరిచే కేంద్రాలు కట్టారు, ఇంకా కడుతున్నారు. కాని దిగువ ఊళ్ళ రైతులు ఆ నీటితోనే వరి పండించుకోవలసి వచ్చింది, పశువులకు గడ్డి పెంచుకోవలసి వచ్చింది.

మనవడి ముఖం చిన్నబోయింది. "అయితే తాతా, వాళ్ళకు మనం చిన్నతాతావాళ్ళ లాంటి వాళ్ళమా?" అన్నాడు.

పిల్లలూ, నిజం చెబుతున్నాను, ఆ మాటకు నాకు జవాబు తోచలేదు.

ఆ సాయంకాలం మా తమ్ముడి ఇంటికి ఫోను చేశాము. పసిబిడ్డకు జ్వరం తగిలి, బయలుదేరే తొందరలో గోలెం సంగతి మరిచిపోయారట. "అయ్యో, చీకట్లో మోశారా!" అని వాడు ఎంతో బాధపడ్డాడు. మనవడి కోపం ఆ క్షణమే పోయింది. "వాళ్ళకు జ్వరం వచ్చింది, మరి మన ఊరికి ఏం వచ్చింది?" అన్నాడు, కొంచెం ఆగి.

వారం తిరిగింది. బయలుదేరే రోజున ఎవరూ చెప్పకుండానే అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ తెల్లవారక ముందే లేచి, గోలెం అంచు దాకా నింపారు. ఆకులు పడకుండా చెక్క మూతపెట్టి, దాని మీద రాయి పెట్టారు. తరువాతి వంతు ఎవరిదో వాళ్ళు అడగనైనా అడగలేదు.

ఇక మీకొక పని. మీ ఇంటి కుళాయిలో నీళ్ళు ఏ చెరువు నుంచో, ఏ నది నుంచో వస్తున్నాయి. వాడిన నీళ్ళు ఎక్కడికో పోతున్నాయి. రెండూ మీ అమ్మానాన్నలను అడగండి. వాళ్ళకూ తెలియకపోతే, అందరూ కలిసి కనుక్కోండి. మీకు పై ఊరు ఏదో, మీకు దిగువ ఊరు ఏదో ఒక కాగితం మీద వ్రాసి, కుళాయి దగ్గర అంటించండి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ తాతయ్య