తీగ మన గల్లీ దాకా ఎందుకు రాదు?

ప్రపంచం ఒక కుగ్రామం అయిపోయిందని వార్షికోత్సవ వేదికల మీద ప్రతి ఏడూ ఎవరో ఒక పెద్దమనిషి చెబుతూనే ఉంటారు. మనం చప్పట్లు కొడుతూనే ఉంటాం. ఆ కుగ్రామంలో మన ఇల్లు ఏ వాడలో ఉందని మాత్రం అడగం. ఊళ్ళో వాడలున్నట్టే ఇంటర్నెట్‌కూ వాడలున్నాయి. మేము చెప్పదలచుకున్నది ఆ సంగతే.

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఏమేం కనబడతాయో మనకు తెలుసు. కందిలో ఐ.ఐ.టి., పాశమైలారం ఫ్యాక్టరీల పొగ, 1972లో వచ్చిన ఇక్రిశాట్, ఆ ముందు రామచంద్రాపురంలో భెల్. పటాన్‌చెరు, రామచంద్రాపురం 2007లోనే గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. అంటే మనం పల్లెటూరివాళ్ళం కాదు, కాగితం మీద మహానగరవాసులం. కానీ ఆ రోడ్డు దిగి ఇస్నాపూర్, ముత్తంగి, బొల్లారం వైపు కార్మికుల కిరాయి గదుల్లోకి వెళ్ళి చూడండి. వరుసగా పది గదులు, రేకుల కప్పు, గదికో కుటుంబం. ఆ పది గదుల్లో ఎన్నింటికి ఇంటర్నెట్ తీగ ఉంటుంది?

"ఈ రోజుల్లో ఫోన్ లేనిదెవరికి?" అని వెంటనే అంటారు. నిజమే. 2017-18 జాతీయ నమూనా సర్వేలో పట్టణాల్లో నూటికి 42 ఇళ్ళకు, పల్లెల్లో 15 ఇళ్ళకు మాత్రమే ఇంటర్నెట్ ఉందని తేలింది. 2025 సర్వేకు వచ్చేసరికి దేశం మొత్తం మీద అది నూటికి 86 ఇళ్ళు దాటింది. సంతోషించవలసిన మార్పే. అయితే దీని వెనక ఇంకో లెక్క ఉంది. 2025 మార్చి నాటికి దేశంలో సుమారు 94 కోట్ల బ్రాడ్‌బాండ్ కనెక్షన్లుంటే, తీగ ద్వారా వచ్చేవి సుమారు 4 కోట్లే. మిగతావన్నీ దాదాపుగా ఫోన్లో సిమ్ మీద నడిచేవే. ఇంట్లో నెట్ ఉందంటే చాలా ఇళ్ళల్లో నాన్న జేబులో ఫోన్ ఉందని అర్థం. నాన్న డ్యూటీకి పోతే నెట్ కూడా డ్యూటీకి పోతుంది.

మందులు, రసాయనాలు తయారయ్యే యూనిట్లలో చాలాచోట్ల ప్లాంటు లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు. నిప్పురవ్వ భయం ఉన్నచోట అది సరైన నిబంధనే. ఫోన్ గేటు దగ్గర పెట్టి లోపలికి పోవాలి. ఇక్కడ పిల్ల మీసేవ కేంద్రంలో స్కాలర్‌షిప్ దరఖాస్తుకు కూర్చుంటే ఓ.టి.పి. అక్కడ గేటు దగ్గరి పెట్టెలో మోగుతుంది. పది నిమిషాలకు దాని గడువు తీరిపోతుంది. షిఫ్టు దిగేది ఎనిమిది గంటల తరువాత. ఒక రోజు పోయింది, ఒక రోజు కూలి పోయింది, ఒక్కోసారి చివరి తేదీ కూడా పోతుంది. దీన్ని ఎవరి తప్పని రాస్తారు? ఏ రిజిస్టర్‌లోనూ రాయరు. "అభ్యర్థి దరఖాస్తు చేసుకోలేదు" అని మాత్రమే ఉంటుంది.

డిగ్రీ సీటు 2016 నుంచి దోస్త్‌లోనే. స్కాలర్‌షిప్ ఈపాస్‌లోనే. ఎంసెట్, నేటి ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ఆన్‌లైన్‌లోనే. గ్రూప్స్ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. క్యూలో నిలబడే బాధ తప్పింది, దళారుల బెడదా కొంత తగ్గింది. కాదనం. కానీ తలుపు ఒక్కటే పెట్టినప్పుడు ఆ తలుపు దాకా దారి కూడా వెయ్యాలి కదా. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి కాలేజీలు ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి. చిన్న ఫోన్ తెరమీద, ఎప్పుడు డేటా అయిపోతుందో తెలియని భయంతో, నెట్ సెంటర్ అన్న చెప్పిన నాలుగు పేర్లు పెట్టి వచ్చేస్తాం. మన నాలుగేళ్ళ చదువు అలా తేలిపోతుంది.

మరి ఇంటికి తీగ ఎందుకు పెట్టించుకోరు? దీనికి ఒక్క కారణం లేదు. మొదటిది డబ్బు. నెలకు 400 రూపాయల ప్లాన్ అనుకుందాం. 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 472. ఆరు నెలలది ముందే కట్టమంటే 2,832 రూపాయలు. కాంట్రాక్టు కార్మికుడి చేతిలో అంత మొత్తం ఒక్కసారిగా ఎప్పుడుంటుంది? పోనీ ఫోనే చాలనుకుంటే 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు వరసబెట్టి చార్జీలు పెంచాయి. 239 రూపాయలున్న నెల ప్లాన్ 299 అయింది. ఇంట్లో మూడు సిమ్‌లుంటే తీగ ధర దాటిపోతుంది, అయినా తీగ రాదు.

రెండోది కిరాయి ఇల్లు. గోడకు మేకు కొట్టాలన్నా ఓనరు ఒప్పుకోవాలి. చిరునామా రుజువు కావాలి. ఆధార్‌లో ఊరు నారాయణఖేడ్‌దో, జహీరాబాద్‌దో, ఒడిశాదో ఉంటుంది. ఆరు నెలలకోసారి గది మారేవాడికి ఏడాది ప్లాన్ ఏం పనికొస్తుంది?

మూడోది ఆడపిల్లల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు నూటికి 57 మంది, స్త్రీలు 33 మంది. మన తెలంగాణలో స్త్రీల సంఖ్య నూటికి 27 కూడా దాటలేదు. ఒక్క ఫోన్ ఉన్న ఇంట్లో అది ముందు నాన్నది, తరువాత అన్నది, మిగిలితే చెల్లెది.

కరోనా ఈ సంగతులన్నీ బయటపెట్టింది. 2020లో హాస్టళ్ళు మూసేసి మనల్ని ఇళ్ళకు పంపారు. సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలయ్యాయి. టీవీ ఉన్న ఇంటికి పాఠం చేరింది, అది మేలే. కానీ టీవీ చెబుతుంది, మనం అడిగితే వినదు. సందేహం తీర్చుకోవాలన్నా, హోంవర్క్ పంపాలన్నా మళ్ళీ ఆ ఒక్క ఫోనే దిక్కయింది.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2011లో కేంద్రం ఆమోదించిన పథకమే తరువాత భారత్‌నెట్ అయింది. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ పైపుల వెంబడే టీఫైబర్ తీగ వేశారు. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా ఇళ్ళకు కనెక్షన్లు మొదలుపెట్టిన ఊళ్ళలో మన జిల్లా సంగుపేట కూడా ఉంది. అయితే భారత్‌నెట్ గురి గ్రామ పంచాయతీ మీద. పట్నం సంగతి ప్రైవేటు కంపెనీలు చూసుకుంటాయని ఒక నమ్మకం. కంపెనీలేమో అపార్ట్‌మెంట్లు చూసుకుంటాయి. పంచాయతీ కాని, అపార్ట్‌మెంటూ కాని మన బస్తీ మధ్యలో మిగిలిపోయింది.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు, హక్కు విషయం. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టులో గెలిచింది మనలాంటి ఒక హాస్టల్ విద్యార్థినే. సాయంత్రం పూట ఫోన్ వాడకూడదన్న నిబంధనను ఒప్పుకోనందుకు హాస్టల్ నుంచి ఆమెను పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమేనని కోర్టు చెప్పి ఆమెను తిరిగి చేర్చుకోమంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా డిజిటల్ అందుబాటు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని తీర్పు ఇచ్చింది.

ఫోనిస్తే పిల్లలు చెడిపోతారని వార్డెన్ సార్లకూ, మన అమ్మానాన్నలకూ భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. రీల్స్‌లో రాత్రులు కరిగిపోవడం, పందేల యాప్‌లలో, లోన్ యాప్‌లలో పడి మునిగిపోవడం మనం చూస్తున్నదే. కానీ దానికి మందు ఏమిటి? ఒంటరిగా దుప్పటి కింద చిన్న తెర చూసేవాడికంటే నలుగురి మధ్య పెద్ద తెర ముందు కూర్చున్నవాడు చెడిపోవడం కష్టం. కాబట్టి మేమడిగేది మనిషికో ఫోన్ కాదు, అందరికీ ఒక గది.

మన తాతల కాలంలో పుస్తకం కొనుక్కోగలిగినవాడు ఎవరు? అందుకే 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. ఎవరికి వారు కొనలేనిది అందరూ కలిసి చదువుకునే చోటు కట్టుకున్నారు. ఆ ఉద్యమ ఫలితంగానే ఈ రోజుకీ ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. ఇంటర్నెట్‌కూ అదే దారి పనికొస్తుంది.

అందుకని మా అభిప్రాయాలు ఇవి. ప్రతి సంక్షేమ హాస్టల్లో తీగ కనెక్షన్‌తో ఒక కంప్యూటర్ గది ఉండాలి, సెలవుల్లో కూడా తెరిచి ఉండాలి. బస్తీకి దగ్గరి గ్రంథాలయంలో రాత్రి తొమ్మిది దాకా నెట్ ఉండాలి, ఎందుకంటే షిఫ్టు దిగిన నాన్న ఓ.టి.పి. తీసుకుని వచ్చేది అప్పుడే. 2023లో కేరళ ప్రారంభించిన కేఫోన్‌లో 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్ లక్ష్యంగా పెట్టుకున్నారు. మన టీఫైబర్ కూడా ముందు కిరాయి గదుల వరసలకు రావాలి, ఓనరు పేరున కాక ఉంటున్నవాళ్ళ పేరున రావాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి, తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలి. ఈ ఫ్యాక్టరీల పొగా, నీళ్ళూ ఇన్నేళ్ళు భరించిన చుట్టుపక్కలవాళ్ళం మనమే.

చివరగా పాత విద్యార్థులకు ఒక మాట. అన్నలారా, అక్కలారా, మీలో కొందరు ఆఫీసుల్లో, కొందరు కంపెనీల్లో స్థిరపడ్డారు. వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకోండి, మాకు సంతోషమే. దానితోపాటు మీ ఇంట్లో మూలన పడి ఉన్న కంప్యూటర్ ఒకటి తీసుకురండి. దోస్త్ ఆప్షన్లు పెట్టే వారం రోజులూ సాయంత్రం ఒక గంట మా పక్కన కూర్చోండి. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, వార్డెన్ సార్‌కూ, గ్రంథాలయ సంస్థకూ, కౌన్సెలింగ్ తేదీలు రాకముందే అర్జీ రాద్దాం. అందరం సంతకాలు పెడదాం. తీగ తనంతట తాను గల్లీలోకి రాదు. కరెంటు తీగైనా, నీళ్ళ పైపైనా అడిగినవాళ్ళ గల్లీకే ముందు వచ్చాయి.