వానలో దాహం

ఈ సావనీరులో కవితలుంటాయి, కథలుంటాయి, సమాజాన్ని మార్చేసే వ్యాసాలుంటాయి. వాటి మధ్య కుళాయి నీళ్ళ గురించి రాస్తే హాస్టలు మిత్రులు నవ్వుతారని తెలుసు. అయినా రాస్తున్నాను. మాది భానూరు. పటాన్‌చెరు గొట్టాల పొగ చూస్తూ పెరిగినవాణ్ణి. మా దిక్కున నీళ్ళ మాట నవ్వులాట కాదు.

2020 అక్టోబరు 13న బంగాళాఖాతంలోని వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదికి వచ్చింది. ఆ రాత్రి హైదరాబాదు ఎట్లా మునిగిందో మీకు తెలుసు. ఆ వారం నేను నక్కవాగు దగ్గరి ఒక పల్లెలో, మా మేనత్త ఇంట్లో ఉన్నాను. ఊరి పేరు వద్దు, ఏ ఊరైనా అంతే. కరెంటు పోయింది, మోటారు ఆగింది, ట్యాంకు ఖాళీ అయింది. మూడోనాడు కుళాయిలో వచ్చిన నీళ్ళు ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. నీళ్ళు వదిలే కాకాను అడిగాను. "జనరేటరున్నది బిడ్డా, ఏడాది సంది తిప్పలే. ఇప్పుడు తిప్పితే తిరుగుతలేదు" అన్నాడు.

"బావి ఉన్నది గద అత్తా?" అన్నాను ఇంటికొచ్చి. మా అత్త నన్ను పిచ్చివాణ్ణి చూసినట్లు చూసింది. "ఆ నీళ్ళు బర్రెలు సుత ముట్టవు బిడ్డా!"

ఆ ఒక్క మాటే నాచేత ఈ వ్యాసం రాయిస్తున్నది. వేరే ఊళ్ళో కుళాయి ఆగితే బావి ఉంటుంది, చేతిపంపు ఉంటుంది. మా దగ్గర 1970ల నుంచి పెరిగిన పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో చేరాయి. ఆ వాగు పోయి మంజీరలో కలుస్తుంది. వాగు వెంట ఊళ్ళ బావులు చెడిపోయాయి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టు దాకా పోయింది. బాధిత గ్రామాలకు మంచినీళ్ళివ్వండని కోర్టు చెప్పవలసి వచ్చింది. కాబట్టి ఇక్కడ కుళాయి ఒకరు దయతో ఇచ్చిన సౌకర్యం కాదు, పోయిన బావికి బదులు. అది ఆగితే వేరే దారి లేదు. అటువంటి కుళాయిని తుఫాను దయకు వదిలేయడం ఏం న్యాయం?

"తుఫాన్లు కోస్తావాళ్ళ బాధ, మనకెందుకు?" అని ఒక మిత్రుడన్నాడు. మనకు మంచు తుఫాను లేదు, నిజమే. కాని చలికాలం ముంగిట, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో లేచే తుఫాన్లు తీరంతోనే ఆగిపోవు. 2020 అక్టోబరే అందుకు సాక్ష్యం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది. స్తంభాలు కూలి కరెంటు పోయింది. కరెంటుతో పాటు పంపులూ ఆగాయి. సముద్రం పక్కన ఉన్న మహానగరం బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడింది. 2018లో తిత్లీ తరువాత ఉద్దానం పల్లెల్లో జనరేటర్లు తెచ్చి ట్యాంకులు నింపవలసి వచ్చింది. పేదదేశం గనుక ఇట్లా అనుకుందామా? మన తెలుగువాళ్ళు ఎందరో స్థిరపడిన అమెరికాలోని టెక్సాసులో 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చింది. కరెంటు పోయింది, గొట్టాలు పగిలాయి. హ్యూస్టన్ నగరంలో 17 నుంచి 21వ తేదీ దాకా నీళ్ళు కాచుకుని తాగమన్నారు. ఆస్టిన్‌లో నీటిని శుద్ధిచేసే కేంద్రానికే కరెంటు పోయింది. అదే ఏడాది అక్కడ చట్టం చేశారు: 24 గంటలు మించి కరెంటు లేకపోయినా గొట్టంలో ఒత్తిడి తగ్గకుండా ఎట్లా నడుపుతారో ప్రతి నీటి సంస్థా ముందే రాసివ్వాలి.

ఒత్తిడి అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. గొట్టంలో ఒత్తిడి ఉన్నంతసేపు చిల్లులోంచి నీళ్ళు బయటికి కారతాయి. ఒత్తిడి పోగానే అదే చిల్లులోంచి పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. వానకు మురుగు కాల్వ పొంగుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. ఈ రెండూ కలిసినప్పుడే రోగం పుడుతుంది. పైగా బురదనీటిలో మట్టి క్లోరినును తినేస్తుంది, రోజూ వేసే మోతాదు చాలదు. కుళాయి చివర లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగలాలని మన దేశ ప్రమాణం చెబుతుంది. తుఫాను మరునాడు ఏ ఊళ్ళో ఎవరు చూస్తున్నారు?

చేయవలసిన పనులు పెద్దవి కావు. సెప్టెంబరు దాటకముందే ట్యాంకు కడగాలి, వాల్వు గుంటల్లో మురుగు తీయాలి. స్టార్టరు పెట్టెను వరదనీరు అందని ఎత్తులో బిగించాలి. డీజిలు నిలవ ఉంచి, జనరేటరును నెలకోసారి తిప్పి చూడాలి. బ్లీచింగు పౌడరు చెమ్మ తగిలితే సత్తువ పోతుంది కాబట్టి పొడిగా దాచాలి. తుఫాను హెచ్చరిక ముందే వస్తుంది గనుక, కరెంటు ఉండగానే ట్యాంకులన్నీ నింపాలి. ట్యాంకు ఎత్తున ఉంటుంది. నీళ్ళు దిగిరావడానికి మోటారు అక్కరలేదు.

డబ్బేదంటారు. తుఫాను పోయాక ట్యాంకర్లకు, సెలైను సీసాలకు ఎక్కడినుంచి వస్తున్నదో అక్కడినుంచే. అసలు లోటు డబ్బులో కాదు. కొత్త ట్యాంకు కడితే శిలాఫలకం ఉంటుంది, కొబ్బరికాయ ఉంటుంది, ఫోటో ఉంటుంది. పాత జనరేటరును నెలకోసారి తిప్పినందుకు ఎవరూ దండ వేయరు. అందుకే అది తిరగదు. ఆ కాకాను తప్పు పట్టలేను. తిప్పమని అతనికి చెప్పినవారు లేరు, తిప్పావా అని అడిగినవారూ లేరు.

ఆ అడగడం మనం మొదలుపెట్టవచ్చు. విద్యార్థి సంఘానికి నా ప్రతిపాదన ఇది. ఏటా సెప్టెంబరులో ఒక ఆదివారం, ఎవరి ఊళ్ళో వారు చివరి కుళాయి దగ్గర క్లోరిను పరీక్ష చేద్దాం. జనరేటరు తిప్పించి చూద్దాం. కనబడ్డది కాగితం మీద పెట్టి గ్రామసభలో చదువుదాం. పరీక్ష ఎట్లా చేయాలో మన రసాయనశాస్త్ర లెక్చరర్లు ఒక్క పూటలో నేర్పగలరు. ఉద్యోగాల్లో ఉన్న పూర్వవిద్యార్థులు పరీక్ష సామాను కొనిపెడితే చాలు.

ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వకూడదని పెద్దలన్నారు. మా దిక్కున ఇప్పుడు తవ్వడానికి బావి కూడా లేదు మిత్రులారా. ఉన్నది ఆ ఒక్క కుళాయే. వాన రాకముందే దాన్ని చూసుకుందాం.